పాత అంబాసిడర్ ఇంజనులో ఆయిల్ ప్రెషర్‌ను రిలీఫ్ వాల్వు దగ్గర పెంచవచ్చా?

పాలకొల్లులో 1489 సీసీ అంబాసిడర్ ఇంజనును తిరిగి కట్టిస్తున్న మీరు, వేడెక్కాక ఐడిల్‌లో (యాక్సిలరేటరు తొక్కకుండా ఇంజను నడిచేటప్పుడు) ఆయిల్ ప్రెషర్ గేజీ ముల్లు పడిపోతోంది కనుక రిలీఫ్ వాల్వు స్ప్రింగుకు వాషర్లు వేయించవచ్చా అని అడిగారు. వేయించినా ఫలితం ఉండదు. పంపు నూనెను తోస్తుందే తప్ప ప్రెషర్‌ను పుట్టించదు. క్రాంకు జర్నలుకూ (క్రాంకుషాఫ్టుపై బేరింగులో తిరిగే నునుపైన భాగం) బేరింగుకూ మధ్యనున్న సన్నని సందు ఆ ప్రవాహాన్ని అడ్డుకోవడం వల్లనే ప్రెషర్ ఏర్పడుతుంది. బ్లాకుకు ఎడమవైపు వెనుక, టోపీ నట్టు లోపల ఉండే ఆ వాల్వు గరిష్ఠ ప్రెషర్‌కు మాత్రమే హద్దు పెడుతుంది. ఐడిల్‌లో అది మూసుకునే ఉండాలి. ప్లంజరు (వాల్వును మూసే కదిలే ముక్క) మీద గీతలు పడినా, అది ఆనే సీటులో చెత్త ఇరుక్కున్నా నూనె అక్కడే కారిపోతుంది కాబట్టి, ముందుగా దాన్ని విప్పి చూడటం చవకైన పని.

అసలు పరీక్ష బేరింగుల దగ్గరే ఉంది. జర్నలు వ్యాసంలో అంగుళానికి సుమారు 0.001 అంగుళం చొప్పున సందు ఉన్నదీ లేనిదీ ప్లాస్టీగేజితో (సందులో నలిగి దాని కొలత చూపే మెత్తని ప్లాస్టిక్ దారం) కొలిపించండి. అంతకు బాగా మించితే జర్నలు గ్రైండింగు, సన్నబడిన దానికి సరిపోయే అండర్‌సైజు బేరింగులు తప్పవు. పంపు రోటర్ల అరుగుదలనూ అప్పుడే చూడాలి.

చల్లని ఇంజను చూపే అంకెను నమ్మరాదు. 20డబ్ల్యూ-50 నూనె పోసి, రోహిణి కార్తె ఎండలో కాలువగట్టు మీద ట్రాక్టరు వెనుక నెమ్మదిగా నడిపి వచ్చాక కొలవండి. ప్రతి 1000 ఆర్‌పీఎంకు కనీసం 10 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అన్నది మెకానిక్కుల మోటు లెక్కే అయినా, ఈ ఇంజనుకు అది సరిపోతుంది.