‘వెలసింది’ అన్న మాట గురించి ఒక యువ రచయిత్రికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ‘నాగరికతల ఉషోదయం’ వ్యాసం, దానితో పాటు నువ్వు రాసిన రెండు పేజీల ఉత్తరం నాకు అంది మూడు వారాలయింది. నా మనవరాలి ఈడు పిల్లవి కనుక ‘నువ్వు’ అనే రాస్తున్నాను. వ్యాసం ఎలా ఉందో చెప్పమన్నావు. పుస్తకంగా వేయాలంటే ఎన్ని పేజీలుండాలని, కలం పేరు పెట్టుకోవాలా అని, ఏ పత్రికకు పంపితే త్వరగా వేస్తారని కూడా అడిగావు. తీరిక చూసుకుని జవాబు రాద్దామని పక్కన పెట్టాను. నిన్న రాత్రి తీసి మొదటి పేజీ చదివాక ఇక నిద్ర పట్టలేదు.

నీ మొదటి వాక్యం ఇది: ‘టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల ఒడ్డున సుమేరియన్ నాగరికత వెలసి, విలసిల్లి, కాలగర్భంలో కలిసిపోయింది.’ ఆ వాక్యంలో మూడు క్రియలున్నాయి. మూడింటిలోనూ పని చేసిన మనిషి లేడు. పెన్సిలు తీసుకుని వ్యాసమంతా వెతికాను. ‘వెలసింది’ పదకొండు చోట్ల, ‘విలసిల్లింది’ ఏడు చోట్ల, ‘పరిఢవిల్లింది’ నాలుగు చోట్ల దొరికాయి. అన్నిటి కిందా గీత గీశాను.

మన భాషలో వెలిసేది దేవుడు. పుట్టలో వెలుస్తాడు, కొండ మీద వెలుస్తాడు, వేపచెట్టు కింద వెలుస్తాడు. ఎవరూ చెక్కలేదు, ఎవరూ మోసుకురాలేదు అని చెప్పడానికే ఆ మాట పుట్టింది. నగరాన్ని మనుషులు కట్టారమ్మా. మట్టి తవ్వి, తొక్కి, ఇటుక కోసి, ఎండబెట్టి, నెత్తిన మోసి కట్టారు. దక్షిణ ఇరాక్‌లోని ఊరుక్ చుట్టూ తొమ్మిది కిలోమీటర్లకు పైగా గోడ ఉండేది. అది గిల్గమేష్ కట్టించిన గోడ అని సుమేరియన్లు చెప్పుకున్నారు. రాజు పేరు వాళ్ళు పదిలంగా నిలబెట్టారు, మోసిన వాడి పేరు పోయింది. ఐదు వేల ఏళ్ళ తరవాత రాస్తున్న మనం ‘వెలసింది’ అంటే, పేరుతో పాటు ఆ మనిషి ఉన్నాడన్న ఆనవాలు కూడా పోతుంది.

ఈ కోపం ఇప్పటిది కాదు. నా ఇరవై నాలుగో ఏట ఊరుక్ గురించి నేను రాసిన మొదటి వ్యాసం ఒక వారపత్రికలో అచ్చయింది. ‘ఈ గుడి అరుగును ఇంతమంది కలిసి ఎత్తు చేశారు’ అని రాసిన చోట సంపాదకుడు ‘ఈ మహోన్నత దేవాలయం వెలసింది’ అని దిద్దాడు. ఎందుకు మార్చారని వెళ్ళి అడిగితే, ‘గంభీరంగా లేదు’ అన్నాడు. ఆ సంచిక ఇంకా నా బీరువాలో ఉంది. ఆ పేజీ తెరిచిన ప్రతిసారీ అవతలి వాడు నా చేతిలోంచి తట్ట లాక్కున్నట్టే ఉంటుంది. ఆ తరవాత మూడేళ్ళు ఏ పత్రికకూ ఏమీ పంపలేదు.

నది సంగతికి వస్తాను. రెండో పేజీలో ‘నదులు ప్రసాదించిన వరం’ అన్నావు. నైలు నది విషయంలో ఆ మాట కొంతవరకు నడుస్తుంది. ఆ కాలంలో నైలుకు వేసవిలో వరద వచ్చేది, శరదృతువులో తీసేది, ఒండ్రు మిగిలేది, రైతు విత్తేవాడు, వసంతంలో కోసుకునేవాడు. నది వేళ, పంట వేళ ఒకదానితో ఒకటి సర్దుకుపోయాయి. టైగ్రిస్, యూఫ్రటీస్ అలాంటివి కావు. ఉత్తరాన కొండల మీద మంచు కరిగి ఆ నదులు పొంగేది ఏప్రిల్, మే నెలల్లో. అప్పటికి బార్లీ పండి కోతకు సిద్ధంగా ఉండేది. విత్తనాలు వేసే శరత్కాలంలో నీళ్ళు కావాలంటే నది అడుగంటి ఉండేది. ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడని నేల అది. అక్కరలేనప్పుడు మీదికి వచ్చే నీటిని గట్టు వేసి ఆపాలి, కావలసినప్పుడు దూరంగా ఉన్న నీటిని కాలువ తవ్వి తేవాలి. తవ్విన కాలువలో ఒండ్రు పేరుకుంటుంది, పూడిక తీయాలి, మళ్ళీ పేరుకుంటుంది. పారించిన నీరు ఇంకి, ఆవిరై, ఉప్పును పైకి తెస్తుంది, పొలం చౌడు బారుతుంది. గోధుమ చౌడును తట్టుకోదు, బార్లీ కొంత తట్టుకుంటుంది. సుమేరు గోదాములు బార్లీతో నిండడానికి అదొక కారణం. ఇందులో వరం ఎక్కడుంది? మా చిన్నప్పుడు డెల్టాలో ఎండాకాలం కాలువ కట్టేయగానే ఊరి మగవాళ్ళంతా పారలు పట్టుకుని పూడిక తీతకు దిగేవారు. సాయంత్రం ఇంటికొచ్చిన మా నాన్న అరచేతులు చూసినదాన్ని నేను నది ఇచ్చిన వరం అని ఎలా రాయను?

ఇంకో మాట. ఆ నేలలో రాయి లేదు, లోహం లేదు, చెప్పుకోదగ్గ కలప లేదు. ఉన్నది మట్టి, రెల్లు. అందుకని వాళ్ళు మట్టితో కొడవలి చేశారు. మట్టిని కొడవలి వంపులో మలిచి, గట్టిగా కాల్చి, దానితో పంట కోశారు. అవి దక్షిణ ఇరాక్ తవ్వకాల్లో కొల్లలుగా దొరికాయి. నువ్వు జిగ్గురాత్ గురించి, అంటే వాళ్ళ మెట్ల గుడి కట్టడం గురించి, ఒకటిన్నర పేజీ రాశావు, మట్టి కొడవలి గురించి ఒక్క ముక్క లేదు. నా దృష్టిలో ఆ కొడవలే పెద్ద విషయం. కాస్త గట్టిగా లాగితే విరిగిపోయే పనిముట్టుతో ఒక దేశం ధాన్యం పండించింది.

ఇక రాత. ‘మానవుని భావవ్యక్తీకరణ దాహం లిపికి జన్మనిచ్చింది’ అని మూడో పేజీలో రాశావు. వినడానికి బాగుంటుంది, జరిగింది మాత్రం అది కాదు. క్రీ.పూ. 3300 ప్రాంతం నుంచి ఊరుక్‌లో దొరికిన తొలి మట్టి పలకలు వేలల్లో ఉన్నాయి. వాటిలో అత్యధికం లెక్కలు. ఎన్ని గొర్రెలు, ఎంత బార్లీ, ఎవరికి ఎంత ఇచ్చారు. తక్కినవి పదాల పట్టికలు. కవిత్వం రావడానికి ఇంకా కొన్ని వందల ఏళ్ళు పట్టింది.

నాకిది పుస్తకాల్లో చదివితే తెలియలేదు. ఇరవై రెండేళ్ళ వయసులో ఒక రైసు మిల్లులో గుమస్తాగా చేరాను. బస్తాలు దిగుతుంటే చిట్టాలో పద్దు వేయడం, రాత్రికి ఆవర్జాలోకి ఎక్కించడం నా పని. హమాలీలకు కూలి చీటీ రాసేవాళ్ళం. ముందు పక్క ఒక్కొక్కరి పేరు, మోసిన బస్తాలు. చీటీ తిప్పితే వెనక పక్క మొత్తం. చాలా ఏళ్ళకు ఒక గ్రంథాలయంలో ఊరుక్ పలకల బొమ్మలు చూశాను. ముందు పక్క గడులు గీసి విడివిడి పద్దులు, వెనక పక్క మొత్తం. నా చీటీ! కూర్చున్న చోటనే కళ్ళు చెమర్చాయి. నేను సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోని ఆ గుమస్తా పని ఆ తొలి రాతకు తల్లివేరు అని ఆ రోజు తెలిసింది.

ఆ పలకల్లో ఒకదాని మీద 29,086 కొలతల బార్లీ, 37 నెలలు, ‘కుషిమ్’ అన్న గుర్తులున్నాయి. కుషిమ్ అనేది ఒక మనిషి పేరో, ఒక పదవి పేరో పండితులు తేల్చలేదు. మనిషి పేరే అయితే, మనకు తెలిసిన తొలి పేర్లలో ఒకటి రాజుది కాదు, కవిది కాదు, ధాన్యం లెక్క చూసిన వాడిది. నీ వ్యాసంలో అక్కాద్ రాజు సార్గోన్ ఉన్నాడు, బాబిలోన్ రాజు హమ్మురాబి ఉన్నాడు. కుషిమ్‌కు చోటెందుకు లేదు?

ఆ కాలపు గిన్నె ఒకటుంది. అంచు వాలుగా కోసినట్టు ఉంటుంది. పొట్టు కలిపిన ముతక మట్టిని అచ్చులో వేసి చేత్తో అదిమి చేసినది, నునుపు లేదు, రంగు లేదు. చాలా గిన్నెల లోపల అదిమిన వేళ్ళ గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి. తవ్విన చోటల్లా కుప్పలుగా దొరుకుతాయి. కూలివాళ్ళకు ధాన్యం కొలిచి పోసే గిన్నెలని కొందరు, రొట్టె కాల్చే అచ్చులని కొందరు అంటారు. తొలి లిపిలో ‘తినడం’ అన్న గుర్తు ఏమిటో తెలుసా? మనిషి తల, నోటి దగ్గర గిన్నె. ఆ గిన్నె ఇలాంటిదే. నాగరికత గురించి పది పేజీలు రాసే ముందు ఆ గుర్తును పది నిమిషాలు చూడు.

నీ వాక్యం శుభ్రంగా ఉంది, తప్పులు లేవు. అది చెప్పాలి కదా, చెప్పాను.

ఇప్పుడు నాలుగో పేజీ. ‘సిరియాలోని అబూ హురేరాలో స్త్రీల కాలి ఎముకలు అరిగి ఉండటం గమనార్హం’ అని ఒక్క వాక్యం రాసి వెంటనే రాజవంశాల్లోకి వెళ్ళిపోయావు. ఇంత పెద్ద సంగతిని ‘గమనార్హం’ అని ఎలా దాటేశావు? యూఫ్రటీస్ మీద ఆనకట్ట వస్తుంది, ఊరి దిబ్బ మునిగిపోతుంది అని 1972, 73లో హడావుడిగా తవ్విన చోటు అది. ఇప్పుడు నీళ్ళ కింద ఉంది. అక్కడి ఎముకలను థియా మాలిసన్ అనే పరిశోధకురాలు పరిశీలించింది. ఆడవాళ్ళ ఎముకల్లో కాలి బొటనవేలి కీలు దెబ్బతిని ఉంది, మోకాళ్ళు, వెన్ను కూడా అలాగే ఉన్నాయి. ఎందుకు? మోకాళ్ళ మీద కూర్చుని, కాలివేళ్ళు మడిచి నేలకు తన్నిపెట్టి, ఒళ్ళంతా ముందుకూ వెనక్కూ ఊపుతూ రోజూ గంటల తరబడి రాతి మీద గింజలు నూరడం వల్ల.

ఆ రాయి మన సన్నికల్లు, అమ్మా! పైన పట్టుకుని నూరేది పొత్రం. మా అమ్మ పచ్చడి నూరడానికే కూర్చునేది, అదీ అరగంట. లేచేటప్పుడు గోడ పట్టుకుని లేచేది. ఆ స్త్రీలు ఇంటిల్లిపాదికీ సరిపడా పిండి నూరారు, ఏ రోజుకా రోజు, బతికినంత కాలం. వ్యవసాయం మనిషికి తీరిక ఇచ్చిందని అయిదో పేజీలో రాశావు. ఆ బొటనవేలిని అడిగి రాయాల్సింది.

‘మొదట వ్యవసాయం, తరవాత గ్రామం, తరవాత గుడి, తరవాత నగరం’ అని మెట్లు కట్టిన పేరా కూడా తీసెయ్యి. తుర్కియేలోని గోబెక్లి తెపెలో క్రీ.పూ. 9500 నాటికే టన్నుల బరువున్న రాతి స్తంభాలు నిలబెట్టిన వాళ్ళు వేటాడి, ఏరుకుని బతికిన వాళ్ళు. పెరూలోని కరాల్ ప్రజలు కుండలే లేకుండా పెద్ద దిబ్బ కట్టడాలు లేపారు.

చివరి పేజీలో ‘సుమేరియన్ భాషకు తెలుగే మూలం’ అన్న పేరా చదివి నొచ్చుకున్నాను. సుమేరియన్‌కు ఇప్పటివరకు ఏ భాషా చుట్టమని రుజువు కాలేదు. నాలుగు మాటల పోలిక తెచ్చి చుట్టరికం కలపడం మన దగ్గర పాత జబ్బు. ‘పాఠకుడికి గర్వం కలగాలి, ఇలాంటిది ఒక పేరా చేర్చండి’ అని ఒక ఆదివారం అనుబంధం వాళ్ళు నన్నూ అడిగారు. కుదరదన్నాను. వ్యాసం తిరిగొచ్చింది. ఆ నెల అద్దెకు ఆ డబ్బే లెక్కపెట్టుకున్నాను, అయినా చేర్చలేదు.

నిజమైన సంబంధం కావాలా? పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో అక్కాద్ రాజుల కాలపు ముద్ర ఒకటుంది. దాని సొంతదారు షు-ఇలిషు, ‘మెలుహ్హ భాష దుబాసీ’ అని దాని మీద ఉంది. మెలుహ్హ అంటే సింధు నాగరికత ప్రాంతమేనని ఎక్కువ మంది పండితుల అభిప్రాయం. రెండు దేశాల మధ్య కూర్చుని మాట మార్చి చెప్పి పొట్టపోసుకున్న ఒక మనిషి! గొప్పతనం కోసం అబద్ధమాడేకంటే ఆ దుబాసీ గురించి రాస్తే ఎంత బాగుంటుంది. మన నేల గురించే రాయాలనుంటే తెలంగాణలో మక్తల్ దగ్గరి ఉట్నూరు బూడిద దిబ్బ చూసి రా. 1957లో ఆల్చిన్ అనే పురావస్తు పరిశోధకుడు అక్కడ తవ్వాడు. అది పశువుల దొడ్డి, పేరుకున్న పేడ మళ్ళీ మళ్ళీ కాలి దిబ్బ అయింది. పొరల మధ్య పశువుల గిట్టల ముద్రలు దొరికాయి. గుడి లేదు, కోట లేదు. నాలుగు వేల ఏళ్ళు దాటిన ఆ గిట్టల ముద్రల కంటే నాకు వేరే గర్వం అక్కర్లేదు.

దక్షిణ ఇరాక్‌లోని నిప్పూరు అనే పాత నగరపు బడిపిల్లల సంగతి చెప్పి ఆపుతాను. క్రీ.పూ. 18వ శతాబ్దం నాటి మాట. మొదట మేకు గుర్తులు దిద్దేవారు, తరవాత అక్షరాలు, ఆ తరవాత వస్తువుల పేర్ల పట్టికలు. చెట్లు, కర్ర సామాను, రెల్లు, కుండలు, జంతువులు, రాళ్ళు. వందల పేర్లు చేతికి వచ్చాకే సామెతలు, పాటలు. పలక ఎడమ పక్క గురువు రాసేవాడు, కుడి పక్క పిల్లవాడు చూసి రాసి, చెరిపి, మళ్ళీ రాసేవాడు. చెరిపి చెరిపి కుడి పక్క పలచబడిన పలకలు ఇప్పటికీ ఉన్నాయి. నీ పద్దెనిమిది పేజీల్లో వస్తువుల పేర్లు లెక్కపెట్టాను. ఇటుక, రథం, కిరీటం. మూడే!

వ్యాసం ఈ ఉత్తరంతో పాటు తిప్పి పంపుతున్నాను, ఒక్క నాలుగో పేజీ తప్ప. అది నా దగ్గరే ఉంచుకున్నాను. చూడకుండా మళ్ళీ రాయి. మీ ఇంట్లోనో, మీ ఊళ్ళోనో సన్నికల్లు ఉంటే దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, వేళ్ళు మడిచి, ఒక శేరు జొన్నలు పిండి అయ్యేదాకా నూరి, అప్పుడు రాయి. ఎంతసేపు పట్టిందో పేజీ పైన వేసి పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి