బాతుపిల్లల్ని అమ్మేముందు తల్లి సంగతి చూడు

తల్లీ,

నువ్వు బాతులు పెంచి పిల్లల్ని అమ్మబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సొంతంగా ఒక పని మొదలుపెడుతున్నావని ఎంతో పొంగిపోయాను. కానీ ఆ వెంటనే, "గుడ్డులోంచి వచ్చిన రెండో రోజే ఇచ్చేస్తుందట, దాణా ఖర్చు మిగులుతుందట" అంది. అప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్.

మామూలు జాగ్రత్తలు నీకు తెలుసు. రాత్రిపూట కుక్కా పిల్లీ దూరని గూడు, కింద పొడి గడ్డి ఉండాలి. నీళ్ల గిన్నె ముక్కు మునిగేంత లోతుండాలి, పిల్ల మునిగేంత ఉండకూడదు. కోడిపిల్లల దాణాలో నియాసిన్ అనే విటమిన్ బాతుపిల్లలకి చాలకపోవచ్చు, అది తక్కువైతే కాళ్లు వంకరపోతాయి. చూసి కొను.

నా బెంగంతా తల్లిబాతు గురించే. బాతు సుమారు 28 రోజులు పొదుగుతుంది, మస్కవీ జాతి బాతయితే 35. అన్నాళ్లూ గూడు దిగేది కాసేపే. సరిగ్గా తినదు, చిక్కిపోతుంది. పిల్లలు ఇంకా గుడ్డులో ఉండగానే కీచుమంటాయి, తల్లి బదులు పలుకుతుంది. బయటపడే వేళకే ఆ గొంతు వాటికి పరిచయం. పుట్టిన మొదటిరోజే, కళ్లముందు కదిలేదాన్ని తల్లిగా గుర్తుపెట్టేసుకుంటాయి. కొన్రాడ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త పెద్దబాతుల పిల్లల్లో ఇదే గమనించి 1935లో రాశాడు. 1973లో నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఆయనొకడు. అంటే రెండో రోజు నువ్వు బుట్టలో వేసుకునే పిల్లకి తన అమ్మ ఎవరో అప్పటికే తెలుసు. "ఇంత చిన్నదానికి ఏం తెలుస్తుంది" అని మాత్రం నాతో అనకు.

ఆ మాట మా పెద్ద వదిన అనేది. చెడ్డ మనిషి కాదు, పిల్లలతో తీరిక లేని సంసారం. ఒకరోజు తల్లిబాతు మేతకి దిగిన సమయం చూసి, నాలుగు రోజుల పిల్లలన్నిటినీ ఒక్కసారే ఇచ్చేసింది. బాతు తిరిగొచ్చి గూడు చూసింది. నీళ్ల దగ్గరికి వెళ్లింది, మళ్లీ గూటికొచ్చింది, మళ్లీ నీళ్ల దగ్గరికి. చీకటి పడేదాకా అదే పిలుపు. వదిన పెట్టిన దాణా అలాగే ఉండిపోయింది. "రెండ్రోజుల్లో మర్చిపోతుందిలే" అంది. కొన్నాళ్లకి అరుపు ఆగింది కూడా. అప్పుడు వచ్చింది ఒక పిల్ల వెనక్కి. ఎవరో తమ బాబుకి ముచ్చటగా ఒక్కదాన్నే కొన్నారట. ఆ బాబు పక్కనుంటే సరే, బడికి వెళ్తే చాలు గొంతు పోయేలా ఏడుస్తోందట. వదిన దాన్ని తీసుకెళ్లి తల్లి ముందు వదిలింది. తల్లి ముక్కుతో పొడిచి తరిమేసింది. పిల్ల కూడా తల్లి వైపు పోలేదు, మనుషుల కాళ్ల వెంట పరిగెత్తింది. ఆ తర్వాత వదిన ఏ పని చేస్తున్నా అది ఆవిడ పాదాల మీదే పడుకునేది. వదిన ఎవరితోనూ ఏమీ అనలేదు. కానీ అంత చిన్న పిల్లల్ని మళ్లీ ఎప్పుడూ అమ్మలేదు.

నిన్ను కోప్పడ్డానికి కాదురా ఇదంతా. చిన్నప్పుడు చీమల బారు తొక్కకుండా పక్కనుంచి నడిచేదానివి. ఆ పిల్లవి నువ్వు, అందుకే నీకు చెప్పగలుగుతున్నాను.

మరి వ్యాపారం వద్దా అంటే, చెయ్యి. తల్లి పెంచే పిల్లల్ని దానితోనే ఉండనివ్వు. ఎనిమిది వారాలకి దాదాపు ఈకలన్నీ వచ్చేస్తాయి, తల్లి కూడా వాటిని పట్టించుకోవడం తగ్గిస్తుంది. అప్పుడు అమ్ము. దాణా ఖర్చవుతుంది, ఆ ఖర్చు ధరలో కలుపు, తల్లి మీద వెయ్యకు. అప్పటికి ఆడదేదో మగదేదో గొంతు బట్టి తెలిసిపోతుంది కాబట్టి కొనేవాళ్లకీ మేలే. మగవి ఎక్కువైతే ఆడబాతుల్ని గాయపరుస్తాయి. పిల్లలు వెళ్లాక వెంటనే మళ్లీ పొదగనివ్వకు, దాని ఒళ్లు కోలుకోవాలి.

పసిపిల్లల్నే అమ్మాలంటే గుడ్లు తీసి ఇంక్యుబేటర్లో పెట్టు. గుడ్డు తియ్యడం, పిల్లని తియ్యడం నా దృష్టిలో ఒకటి కాదు. పెకిన్ లాంటి జాతులు చాలావరకు పొదగవు కూడా. కాకపోతే అప్పుడు అమ్మవి నువ్వే. పిల్లలు బయటికొచ్చాక మొదటివారం వాటికి 32 డిగ్రీల వెచ్చదనం ఉండాలి, తర్వాత వారం వారం కొంచెం తగ్గించాలి. కరెంటు పోతే అర్ధరాత్రయినా లేవాలి. ఓపిక లేని వారం ఇంక్యుబేటర్ వెయ్యకు.

అడవిబాతుల గూళ్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. ఎవరైనా తెచ్చి ఇచ్చినా తీసుకోవద్దు.

ఒక్క పిల్ల చాలు అని వచ్చేవాళ్లకి ఎంత డబ్బిచ్చినా అమ్మకు. కనీసం రెండు ఇవ్వు. ఎక్కడ ఉంచుతారో, నీళ్లున్నాయో, బాతు పదేళ్ల దాకా బతకొచ్చని తెలుసో లేదో అడుగు. విసుక్కుంటే విసుక్కోనీ.

మొదటి గుడ్డు పగిలిన తేదీ గోడ మీద క్యాలెండర్‌లో రాసి, అక్కణ్ణుంచి ఎనిమిది వారాలు లెక్కపెట్టుకో. ఈలోగా అడిగినవాళ్ల పేరూ నంబరూ రాసుకుని ఆగమను. ఆగనంటే ఆ బేరం వదిలేసి నాకు ఫోన్ చెయ్యి, ఆ నెల దాణాకి నేను పంపిస్తాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ