చెరువు మేత మీ కార్డు మీద, హోమ్ లోన్ మీ పేరు మీద

ప్రశ్న: పాలకొల్లులో ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ని. కటింగులన్నీ పోను నెలకు 62 వేలు చేతికి వస్తుంది. భీమవరంలో ఫ్లాటు కోసం 30 లక్షల హోమ్ లోన్‌కు దరఖాస్తు పెడుతున్నాను. ఆకివీడు దగ్గర మా బావమరిది రొయ్యల చెరువులకు మేత నా క్రెడిట్ కార్డు మీదే కొంటున్నాం. కార్డు లిమిట్ లక్షా ఎనభై వేలు, పంట నడిచే నెలల్లో బిల్లు లక్షా నలభై వేలు వస్తుంది. గడువులోపు మొత్తం కట్టేస్తాను, ఏనాడూ వడ్డీ పడలేదు. అది అప్పు కాదు కాబట్టి ఫారంలో రాయొద్దని లోన్ ఏజెంటు అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: రాయండి మాస్టారూ. ఏజెంటుకు ఫైలు కదిలితే చాలు, కింద సంతకం మాత్రం మీది. ఫారంలో చెప్పినవన్నీ నిజమేనని ఒప్పుకుంటూ పెట్టే సంతకం అది.

పైగా దాచినా దాగదు. మీ పాన్ నంబరు కొట్టగానే, మన అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థ సిబిల్ ఇచ్చే రిపోర్టులో కార్డు, లిమిట్, బకాయి, గత 36 నెలల చెల్లింపుల తీరు కనిపిస్తాయి. మీరిచ్చే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కార్డు బిల్లు కట్టిన ఎంట్రీలు ఎలాగూ ఉంటాయి. అన్నీ కళ్లెదుట ఉండి ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంటే, ఇంకేం దాచాడో అని ఆఫీసరు వెతకడం మొదలుపెడతాడు.

మీరు ఆలోచించాల్సింది ఆ లక్షా నలభై వేల సంగతి. గడువులోపు కట్టేస్తున్నారు, సంతోషం. కానీ సిబిల్‌కు లెక్క వెళ్లే రోజున ఎంత బకాయి ఉందో అదే రిపోర్టులో పడుతుంది. వారం తర్వాత మీరు కట్టేసినా, రిపోర్టు తీసిన రోజుకు మీరు లిమిట్‌లో 78 శాతం దాకా వాడేసిన మనిషి. 30 శాతం లోపు, అంటే మీ కార్డుకు 54 వేల లోపు ఉంటే మంచిదని అంటారు.

దీని దెబ్బ లోన్ మొత్తం మీద కూడా పడుతుంది. చాలా బ్యాంకులు కార్డు బకాయిలో 5 శాతాన్ని నెలవారీ చెల్లింపుగా లెక్కేస్తాయి. మీకది 7 వేలు. మీ జీతంలో సగం, అంటే 31 వేల వరకు ఈఎంఐ కట్టగలరని బ్యాంకు అనుకుందాం. అందులో 7 వేలు తీసేస్తే మిగిలేది 24 వేలు. వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు అయితే లక్షకు ఈఎంఐ 868 రూపాయలు పడుతుంది. ఆ 24 వేలకు వచ్చేది 27.6 లక్షలు. కార్డు బకాయి లేకపోతే 35 లక్షలకు పైగా అర్హత ఉన్న మీకు 30 కూడా రావన్నమాట. రొయ్య బావమరిదిది, కోత మీ ఫ్లాటుకు!

కాబట్టి దరఖాస్తుకు రెండు మూడు నెలల ముందు నుంచే మేత మీ కార్డు మీద కొనడం ఆపండి. కిసాన్ క్రెడిట్ కార్డును 2018-19 నుంచి చేపలు, రొయ్యల సాగుకూ వర్తింపజేశారు. బావమరిదిని ఆయన బ్యాంకులో అడగమనండి. మొహమాటపడకండి. మేత డీలరు దగ్గర డబ్బు ఆయన పేరున ఆగితే ఆయన సంగతి, మీ కార్డు మీద ఆగితే బ్యాంకు మిమ్మల్నే అడుగుతుంది. అప్పటిదాకా తప్పదనుకుంటే బిల్లు తయారయ్యే తేదీకి ముందే కట్టేయండి. బకాయి తక్కువగా నమోదవుతుంది.

ఇంకొకటి. ఏడాదిలో కార్డు బిల్లుల కింద 10 లక్షలు, ఆపైన కడితే ఆ సమాచారం ఆదాయపు పన్ను శాఖకు వెళ్తుంది. మీ చేతికొచ్చే జీతం ఏడాదికి ఏడున్నర లక్షల లోపే, మరి అంత సొమ్ము ఎక్కడిదని అడగొచ్చు. రొయ్యల పట్టుబడి అయ్యాక బావమరిది మీ ఖాతాలో వేసిన సొమ్ముకు, మేత బిల్లులకు లెక్క ఒకచోట రాసి పెట్టుకోండి. బ్యాంకు అడిగినా అదే చూపించొచ్చు.

పాత కార్డును మాత్రం కంగారుపడి రద్దు చేయకండి, ఆ చరిత్ర మీకు మేలే చేస్తుంది. సిబిల్‌తో కలిపి నాలుగు క్రెడిట్ బ్యూరోలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తాయి. ముందే తీసి చూసుకోండి. ఎప్పుడో ఎవరో అంటగట్టిన కార్డు వార్షిక ఫీజు బకాయితో అందులో కూర్చుని ఉండొచ్చు.

లోన్ మంజూరైందని గృహప్రవేశానికి సోఫా, ఫ్రిజ్ ఈఎంఐ మీద తెచ్చేయకండి. డబ్బు విడుదల చేసే ముందు బ్యాంకు మళ్లీ రిపోర్టు తీయొచ్చు. బిల్డరుకు చెక్కు అందాకే ఆ షాపుకు వెళ్లండి.