రీసెట్ కొట్టే ముందు ఒక్కసారి ఆగండి

ప్రశ్న: నా ఆండ్రాయిడ్ ఫోన్ కొన్నాళ్లుగా విసిగిస్తోంది. తెరిచిన యాప్ తెరిచినట్టే మూసుకుపోతుంది, ఏం చూస్తున్నా మీదికి ప్రకటనలు వచ్చి పడుతున్నాయి. అందరూ ఫ్యాక్టరీ రీసెట్ చేసెయ్యమంటున్నారు. పిల్లల ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: రీసెట్ అంటే ఫోన్‌లో ఉన్నదంతా తుడిచేసి కొత్తదానిలా చేయడం, దాని జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు ఫొటోలు కంప్యూటర్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేసుకోండి, మిగతాదంతా ఆ తర్వాతే. ప్రకటనలు అలా ఎక్కడపడితే అక్కడ వస్తున్నాయంటే మీరు వేసుకున్న ఏదో ఒక యాప్ పనే అయ్యుంటుంది, దాన్ని పట్టుకోవడానికి ఫోన్‌లోనే సేఫ్ మోడ్ అని ఒకటి ఉంది. ఫోన్ ఆఫ్ చేసేటప్పుడు కనిపించే పవర్ మెనూ తెరిచి, అందులో ‘పవర్ ఆఫ్’ మీద వేలు తీయకుండా నొక్కి ఉంచితే చాలా ఫోన్లు సేఫ్ మోడ్‌లోకి వెళ్లమంటారా అని అడుగుతాయి. అక్కడ ఫోన్‌తో పాటు వచ్చిన యాప్‌లు మాత్రమే పనిచేస్తాయి. మిగతావి కనపడలేదని కంగారుపడకండి, మామూలుగా రీస్టార్ట్ చేస్తే అన్నీ తిరిగొస్తాయి.

సేఫ్ మోడ్‌లో ప్రకటనలు రాకుండా ఫోన్ బుద్ధిగా ఉందంటే దొంగ దొరికినట్టే. బయటికొచ్చి, గొడవ మొదలవడానికి కాస్త ముందు వేసుకున్న యాప్‌లను ఒక్కొక్కటే తీసేస్తూ చూడండి. నన్నడిగితే ఫోన్‌ని ‘క్లీన్’ చేస్తానని, స్పీడు పెంచుతానని చెప్పే యాప్‌ల మీదే మొదటి అనుమానం పెట్టుకోవాలి. మెమరీ సంగతి ఆండ్రాయిడే చూసుకుంటుంది, వాటితో పనే లేదు. తీయబోతే తీయనివ్వని యాప్ ఉంటే సెట్టింగ్స్‌లో ‘డివైస్ అడ్మిన్ యాప్స్’ అని వెతికి, అక్కడ దానికిచ్చిన అనుమతి తీసేసి మళ్లీ ప్రయత్నించండి. ‘ఇతర యాప్‌ల మీద కనిపించడం’ అనే అనుమతి ఎవరెవరికి ఇచ్చారో కూడా ఓసారి చూడండి, అక్కడ ఆశ్చర్యపోయే పేర్లు కనిపిస్తాయి.

ఇక ఒకే ఒక్క యాప్ మూసుకుపోతుంటే దాన్ని అప్‌డేట్ చేయండి, తగ్గకపోతే సెట్టింగ్స్‌లో దాని స్టోరేజ్‌లోకి వెళ్లి ‘క్లియర్ క్యాష్’ కొట్టండి. దాని పక్కనే ‘క్లియర్ డేటా’ ఉంటుంది, రెండూ ఒకటి కాదు! క్యాష్ అంటే యాప్ తన సౌకర్యం కోసం దాచుకున్న తాత్కాలిక సరుకు, పోయినా మళ్లీ తయారవుతుంది. డేటా తుడిచేస్తే లాగిన్, సెట్టింగులు అన్నీ పోతాయి, వాట్సాప్‌కైతే బ్యాకప్ లేని చాట్‌లు కూడా పోయినట్టే. అన్ని యాప్‌లూ ఒకేసారి మూసుకుపోతుంటే మాత్రం తప్పు మీ ఫోన్‌ది కాకపోవచ్చు. 2021 మార్చిలో ప్రపంచమంతా ఇదే జరిగింది, యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించే ‘ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ’ లో లోపం వల్ల చాలామంది ఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. గూగుల్ సరిచేసిన వెర్షన్ ఇచ్చింది, వెబ్‌వ్యూ, క్రోమ్ అప్‌డేట్ చేసుకుంటే సరిపోయింది. ఆ రోజు తొందరపడి రీసెట్ చేసుకున్నవాళ్లు ఉంటే వాళ్ల డేటా అనవసరంగా పోయినట్టే కదా.

ప్రశ్న: వైఫై ఉంది, సిగ్నల్ ఉంది, అయినా ఏ సైట్ తెరిచినా ‘సురక్షితం కాదు’ అంటోంది.

జవాబు: ఫోన్‌లో తేదీ చూడండి. తేదీ తప్పుగా ఉంటే సైట్ల భద్రతా సర్టిఫికెట్ల గడువు తీరిపోయిందనో, ఇంకా మొదలే కాలేదనో ఫోన్ అనుకుంటుంది. ఆటోమేటిక్ టైమ్ ఆన్ చేయండి. తేదీ సరిగ్గానే ఉండి, ఒక్క సైట్‌కే ఆ హెచ్చరిక వస్తుంటే దాన్ని దాటుకుని లోపలికి వెళ్లకండి.

ప్రశ్న: మెసేజ్‌లు వచ్చినప్పుడు మోగదు, యాప్ తెరిస్తే గానీ అన్నీ కలిసి ఒకేసారి రావు.

జవాబు: బ్యాటరీ ఆదా కోసం ఫోనే ఆ యాప్‌ని నిద్రపుచ్చుతోంది. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేజీ తెరిచి, బ్యాటరీ దగ్గర ‘అన్‌రెస్ట్రిక్టెడ్’ పెట్టండి. అన్ని యాప్‌లకూ పెట్టేయకండి, చార్జింగ్ సాయంత్రం దాకా కూడా ఆగదు.

ప్రశ్న: ఐఫోన్ తెర బిగుసుకుపోయింది, ఆఫ్ కూడా కావడం లేదు.

జవాబు: ఐఫోన్ 8, ఆ తర్వాత వచ్చినవి అయితే వాల్యూమ్ పెంచే బటన్ నొక్కి వదలండి, తగ్గించేది నొక్కి వదలండి, వెంటనే పక్క బటన్ నొక్కి, యాపిల్ గుర్తు కనిపించేదాకా వదలకండి. మధ్యలో ఆఫ్ చేసే స్లైడర్ కనిపిస్తుంది, అక్కడే చాలామంది వేలు తీసేస్తారు, తీయకండి. ఇలా చేస్తే డేటా ఏమీ పోదు.

ప్రశ్న: అన్నీ చేసి చూశాను, రీసెట్ తప్పేలా లేదు. ఏం చూసుకోవాలి?

జవాబు: ఫోన్‌లో ఉన్న గూగుల్ అకౌంట్ పాస్‌వర్డ్ మీకు తెలుసా లేదా అన్నది మొట్టమొదట చూసుకోండి. సెట్టింగ్స్ నుంచి కాకుండా బటన్లు నొక్కి రికవరీ (ఫోన్ మామూలుగా ఆన్ కాకముందే వచ్చే మెనూ) ద్వారా రీసెట్ చేస్తే, ఫోన్ మళ్లీ తెరుచుకునేటప్పుడు పాత అకౌంట్‌నో పాత స్క్రీన్ లాక్‌నో అడుగుతుంది, దొంగలకు పనికిరాకుండా పెట్టిన తాళం అది, మర్చిపోతే మీకూ తెరుచుకోదు. వాట్సాప్ బ్యాకప్ విడిగా తీసుకోండి, ఓటీపీ కోడ్‌లిచ్చే ఆథెంటికేటర్ యాప్ ఉంటే దాన్ని వేరే ఫోన్‌లోకి మార్చుకోండి. అలాగే ఫోన్ వెనక భాగం ఉబ్బినట్టు కనిపిస్తుంటే రీసెట్ మాట వదిలేయండి, అది బ్యాటరీ ఉబ్బడం. చార్జింగ్ పెట్టకుండా ఆఫ్ చేసి సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి.