ట్రంకు రోడ్డు షాపుల ప్లాన్ పార్కింగ్ దగ్గర ఆగితే

నెల్లూరు ట్రంకు రోడ్డులో పాత ఇల్లు పడగొట్టి షాపులు కడదామంటే పార్కింగ్ చాలదని ప్లాన్ వెనక్కొచ్చిందా, అయితే తేడా సెల్లార్ లెక్కలోనే ఉండుంటుందన్నా.

1. ర్యాంపు, మెట్లు, లిఫ్టు, జనరేటర్ చోటు తీసేసి మిగిలిందే లెక్కేయండి.

2. అందరూ వదిలేసేది ఇదే: కారుకు 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు గడులు గీసి, ఒక్కో కారు ర్యాంపు దిగి, స్తంభం తగలకుండా తిరిగి, పక్క బండిని కదిలించకుండా మళ్లీ బయటికి రాగలదా అని పెన్సిల్‌తో చూడండి. మీది సన్నగా పొడుగ్గా ఉన్న స్థలమైతే, సగం గడులు ఇక్కడే ఎగిరిపోతాయి.

3. స్తంభాల వరస జరపమని ఇంజనీరును ఇప్పుడే అడగండి, పునాది పడ్డాక కుదరదు.

4. అప్పటికీ చాలకపోతే ఒక షాపు తగ్గించుకోండి. సెల్లార్‌లో గోడౌన్ ఆలోచన (ఉంటే) మానేయండి.