వాట్లు చూసి పవర్ సప్లై కొనకండి

ప్రశ్న: మొదటిసారి సొంతంగా కంప్యూటర్ అసెంబుల్ చేసుకుంటున్నాను. ప్రాసెసర్ గరిష్ఠంగా 120 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు 200 వాట్లు తీసుకుంటాయి. అన్నీ కొన్నాక చేతిలో కొద్దిగానే మిగిలింది. ఒకే ధరకు రెండు పవర్ సప్లైలు కనిపిస్తున్నాయి. ఎప్పుడూ వినని పేరుతో 850 వాట్లది ఒకటి, పేరున్న కంపెనీ 550 వాట్ల గోల్డ్ ఒకటి. వాట్లు ఎక్కువున్నదే మంచిది కదా?

జవాబు: కాదు. 550 వాట్లదే తీసుకోండి. మీ ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు కలిపి 320 వాట్లు. మదర్‌బోర్డు, ర్యామ్, డ్రైవ్‌లు, ఫ్యాన్లకు ఇంకో 60 వేసుకున్నా 380. అన్నీ ఒకేసారి పూర్తి స్థాయిలో పనిచేసినా 550లో ఇంకా ఖాళీ ఉంటుంది.

అంకెలు మారతాయి గానీ ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. వరసా ఒకటే. ముందు ప్రాసెసర్, తర్వాత గ్రాఫిక్స్ కార్డు, ఆ తర్వాత రంగుల లైట్లున్న ఫ్యాన్లు, చివర మిగిలిన డబ్బుతో పవర్ సప్లై. కంప్యూటర్లో ప్రతి భాగానికీ తీగ వెళ్లేది దీని నుంచే. గ్రాఫిక్స్ కార్డు పాడైతే అదొక్కటే పోతుంది. నాసిరకం పవర్ సప్లై పోతూ పోతూ మదర్‌బోర్డునీ, డ్రైవ్‌లనీ వెంట తీసుకుపోగలదు. దీన్ని చివరికి వదిలేయడం నాకు అస్సలు నచ్చదు.

పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉన్న వాట్లను పక్కన పెట్టి, పవర్ సప్లై పక్కన అతికించిన లేబుల్ చదవండి. అందులో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లున్నాయో చూడండి. ఇప్పటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు బతికేది ఆ లైను మీదే. ఆంపియర్లను 12తో గుణిస్తే అసలు సంగతి తేలుతుంది. 45 ఆంపియర్లుంటే 540 వాట్లు, అంటే 550 అన్న మాట నిజమే. 850 అని రాసుకుని 12 వోల్టుల దగ్గర 40 ఆంపియర్లే చూపిస్తే అది 480 వాట్ల సరుకు. మిగతాదంతా మీకు పెద్దగా అక్కర్లేని 5, 3.3 వోల్టుల లైన్లను కలిపి పెంచిన అంకె. లేబుల్ మీద ఆంపియర్లే లేకపోతే ఆలోచించకుండా వదిలేయండి. వెనక 115, 230 అని మార్చుకునే ఎర్ర స్విచ్ ఉన్నా అంతే, అది పాతకాలపు డిజైన్ అయి ఉంటుంది.

ఇక గోల్డ్ సంగతి. అది 80 ప్లస్ గుర్తులో ఒక మెట్టు. 2004లో మొదలైన ఈ గుర్తు చెప్పేది ఒక్కటే, గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత భాగం కంప్యూటర్‌కు చేరుతుందని. 115 వోల్టుల పరీక్షలో సగం లోడు దగ్గర మామూలు 80 ప్లస్‌కు 80 శాతం, గోల్డ్‌కు 90 శాతం ఉండాలి. కంప్యూటర్‌కు 300 వాట్లు కావాలంటే మొదటిది 75 వాట్లను వేడిగా పోగొడుతుంది, రెండోది 33 వాట్లే. తేడా మంచిదే. కానీ వోల్టేజీ ఎంత నిలకడగా ఉందో, షార్ట్ అయితే వెంటనే ఆగుతుందో లేదో ఆ గుర్తు చెప్పదు. పైగా ఆ పరీక్ష జరిగేది 23 డిగ్రీల గది వేడిలో. మూసిన కేబినెట్‌లో అంత చల్లగా ఉండదు.

అందుకే అసలు లోడు పెట్టి కొలిచిన రివ్యూ చదవండి. 12 వోల్టుల లైను మీద రిపుల్, అంటే వోల్టేజీలోని చిన్న చిన్న అలలు, 120 మిల్లీవోల్టులు దాటకూడదన్నది కంప్యూటర్ పవర్ సప్లైలకు ఉన్న ఏటీఎక్స్ ప్రమాణం. మంచివి దానికి చాలా దిగువనే ఉంటాయి. ఓవర్ వోల్టేజ్, ఓవర్ కరెంట్, షార్ట్ సర్క్యూట్, ఓవర్ టెంపరేచర్ ప్రొటెక్షన్లు ఉన్నాయని రాసుకోవడం కాదు, పరీక్షలో పనిచేశాయా అన్నది చూడాలి. రివ్యూలోని మోడల్ నంబర్ మీరు కొనేదానితో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. పెట్టె మీది కంపెనీ, లోపల సర్క్యూట్ తయారు చేసిన కంపెనీ ఒకటే కానక్కర్లేదు. ఒకే బ్రాండులో ఒక సిరీస్ గట్టిగా ఉండి ఇంకోటి తేలిపోవడం మామూలే. వారంటీ అయిదేళ్లకు తగ్గితే నేనైతే కొనను.

గ్రాఫిక్స్ కార్డులు క్షణంలో చిన్న భాగం పాటు తమ రేటింగును మించి కరెంటు లాగుతాయి. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ప్రకారం, 16 పిన్నుల కొత్త కనెక్టర్ ఉండి 450 వాట్లు దాటిన పవర్ సప్లై 100 మైక్రోసెకన్ల పాటు రెట్టింపు భారాన్ని తట్టుకోవాలి. గేమ్ మధ్యలో ఏ ఎర్రరూ లేకుండా టక్కున ఆరిపోయే కంప్యూటర్లలో చాలావాటి జబ్బు ఈ కుదుపే. జనం మాత్రం విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చుంటారు.

ప్రశ్న: నా మాడ్యులర్ (కేబుళ్లు విడిగా గుచ్చుకునే) పవర్ సప్లై పోయింది, కొత్తది కొన్నాను. పాత కేబుళ్లు కేబినెట్ వెనక నీట్‌గా కట్టి ఉన్నాయి. కొత్తదానికి అవే గుచ్చితే సరిగ్గా దిగుతున్నాయి. వాడుకోవచ్చా?

జవాబు: వద్దు. స్విచ్ వేయకుండా అడిగినందుకు సంతోషం. వేసేశాక రాసేవాళ్లే ఎక్కువ. వాళ్లకు నేను చెప్పగలిగేదేమీ ఉండదు.

కేబుల్‌కు మదర్‌బోర్డు వైపు, డ్రైవ్ వైపు ఉండే కనెక్టర్‌కు ప్రమాణం ఉంది. పవర్ సప్లై వైపు ఉండే కొసకు లేదు. ఏ పిన్నులో ఏ వోల్టేజీ పెట్టాలన్నది ఎవరిష్టం వారిది. ఒకే కంపెనీ రెండు సిరీస్‌లలో కూడా మారిపోవచ్చు. ప్లగ్ ఆకారం మాత్రం ఒకటే. దాంతో 5 వోల్టులు అందాల్సిన చోటికి 12 వోల్టులు వెళ్తాయి. ఎస్ఎస్‌డీ, హార్డ్‌డిస్క్ రెండూ ఆ క్షణమే పోవచ్చు. ఒకే తీగ మీద వరసగా మూడు డ్రైవ్‌లుంటే మూడూ పోతాయి. బ్యాకప్ పెట్టుకున్న డ్రైవ్ కూడా వాటిలోదే అయితే ఏళ్ల నాటి ఫొటోలు తిరిగి రావు. ఇక్కడ ప్రొటెక్షన్లూ కాపాడకపోవచ్చు. పవర్ సప్లై తన వైపు నుంచి సరైన వోల్టేజీనే ఇస్తోంది, తప్పు తీగ వరసలో ఉంది.

ఏటీఎక్స్ ప్రమాణం 1995 నాటిది. ఇన్నేళ్లయినా ఈ కొసకు ఒక పద్ధతి పెట్టలేకపోవడం, పెట్టకపోయినా కనీసం తప్పు కేబుల్ దిగకుండా ఆకారం మార్చకపోవడం క్షమించలేని డిజైన్. పాత కేబుళ్లన్నీ విప్పి తీసేయండి, పెట్టెలో వచ్చినవే వాడండి. సెకండ్ హ్యాండ్‌లో కేబుళ్లు లేని మాడ్యులర్ పవర్ సప్లై ఎంత చవకగా వచ్చినా కొనకండి.

ప్రశ్న: కేబినెట్ అంచు ముట్టుకుంటే జివ్వుమంటోంది. పవర్ సప్లై పాడైందా?

జవాబు: చాలావరకు దాని తప్పు కాదు, మీ ప్లగ్ పాయింట్‌లో ఎర్త్ పనిచేయడం లేదు. పవర్ సప్లై లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కొద్దిపాటి కరెంటు ఎర్త్ తీగలోకి పోవాలి. ఎర్త్ లేకపోతే కేబినెట్ మీద సరఫరా వోల్టేజీలో సగం దాకా నిలుస్తుంది. జివ్వుమనడం వరకు ప్రాణాంతకం కాదు. కానీ రేపు లోపల నిజంగా షార్ట్ అయితే ఆ కరెంటుకు దారి మీ ఒళ్లే. ప్లగ్ తీసేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. పవర్ సప్లైని మాత్రం విప్పకండి. ప్లగ్ తీశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 400 వోల్టుల దాకా మిగిలి ఉండవచ్చు.

ప్రశ్న: నా పవర్ సప్లైకి యూఎస్‌బీ కేబుల్ ఉంది. వోల్టేజీ, ఫ్యాన్ వేగం చూపించే సాఫ్ట్‌వేర్ వేస్తే విండోస్‌లోని యాంటీవైరస్ డిఫెండర్ విన్‌రింగ్0 అని హెచ్చరిస్తోంది. డిఫెండర్‌ను ఆఫ్ చేయమని ఎవరో చెప్పారు. చేయనా?

జవాబు: దయచేసి చేయకండి. ఈ సంచికలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టిన ఉత్తరం మీదే.

విన్‌రింగ్0 అనేది హార్డ్‌వేర్ రిజిస్టర్లను (చిప్‌ల లోపలి చిన్న గడులను) నేరుగా చదివే, రాసే పాత డ్రైవర్, అంటే విండోస్‌కూ హార్డ్‌వేర్‌కూ మధ్య నడిచే ప్రోగ్రామ్. ఫ్యాన్లు, లైట్లు, వేడి చూపించే ఎన్నో సాఫ్ట్‌వేర్లు దీన్నే వాడాయి. అందులోని లోపం 2020 నాటికే బయటపడింది. మామూలు యూజర్ హక్కులతో నడిచే ప్రోగ్రామ్ కూడా దాని ద్వారా కంప్యూటర్ మొత్తాన్ని చేతిలోకి తీసుకోగలదు. డిజిటల్ సంతకం ఉన్న డ్రైవర్ కాబట్టి విండోస్ దాన్ని నమ్ముతుంది. దాడి చేసేవాళ్లు ఇలాంటి డ్రైవర్లను కావాలనే వెంట తెచ్చుకుని, ముందు యాంటీవైరస్‌ను ఆపేసి ఆ తర్వాత తమ పని మొదలుపెడతారు. మీరు స్వయంగా ఇన్‌స్టాల్ చేసి ఉంచితే వాళ్లకు ఆ శ్రమ కూడా తప్పుతుంది.

ఫ్యాన్ ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పడానికి సిస్టమ్‌లో అత్యున్నత హక్కులు ఎందుకు అడగాలి? పవర్ సప్లై పని కరెంటు ఇవ్వడం. దానికి లాగిన్, అప్‌డేట్, బ్యాక్‌గ్రౌండ్ సర్వీస్ తగిలించడం తయారీదారుల బాధ్యతారాహిత్యం. కీబోర్డులూ, ఫ్యాన్లూ, ర్యామ్ లైట్లూ ఒక్కోటి ఒక్కో డ్రైవర్ దించుతున్నాయి. రెండేళ్లకు కంపెనీ ఆ సాఫ్ట్‌వేర్‌ను పట్టించుకోవడం మానేస్తుంది, డ్రైవర్ మాత్రం మీ దగ్గరే ఉండిపోతుంది.

సాఫ్ట్‌వేర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేసి, డిఫెండర్‌తో ఫుల్ స్కాన్ నడపండి. కొన్నిసార్లు డ్రైవర్ ఫైల్ వెనక మిగిలిపోతుంది. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ (ఇలాంటి డ్రైవర్లను అడ్డుకోవడానికి ఉన్న సెట్టింగ్) ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. యూఎస్‌బీ కేబుల్ పీకేసినా పవర్ సప్లై మామూలుగానే పనిచేస్తుంది. వోల్టేజీలు చూడాలనిపిస్తే చాలా మదర్‌బోర్డుల బయోస్‌లోనే (విండోస్ మొదలయ్యే ముందు తెరుచుకునే సెట్టింగుల తెరలో) కనిపిస్తాయి. 12 వోల్టుల లైను 11.4కూ 12.6కూ మధ్య ఉంటే ప్రమాణానికి లోబడే ఉన్నట్టు.