పాత టాటా మొబైల్ బండికి ఎంత అడగొచ్చు?

ప్రశ్న: సార్, మాది తాడిపత్రి దగ్గర పల్లె. మా నాయన 2009లో 85 వేలకు కొన్న టాటా మొబైల్ 206 పికప్ ఇంట్లో ఉంది. 1992 మోడల్, ఏపీ 02 నంబర్, ఆర్సీలో సొంత వాడకం బండిగానే ఉంది, 2027 దాకా చెల్లుతుంది. చీనీ తోటకు ఎరువులు తోలడానికి తప్ప దేనికీ వాడలేదు. రెండేళ్ల కింద మా తమ్ముడికి దాని మీద మోజు పుట్టింది. సుమో టర్బో ఇంజన్ ఎక్కించాడు (బిగింపుతో 1,40,000), టింకరింగు, పెయింటు 1,10,000, వెడల్పు టైర్లు, అల్లాయ్ వీల్స్ 95,000, సీట్లు, మ్యూజిక్ 60,000, పవర్ స్టీరింగ్ 45,000, ముందు పెద్ద గార్డు 18,000. పాత ఇంజన్ కొట్టంలో పట్ట కప్పి ఉంది. ఇప్పుడు అమ్మాలనుకుంటే బెంగళూరు నుంచి వచ్చినాయన 2,20,000 అన్నాడు. ఆన్‌లైన్లో ఇలాంటివి 6 లక్షలకు పెట్టి ఉన్నాయి. తమ్ముడేమో 5 లక్షలకు తగ్గేదే లేదంటున్నాడు, ఇంట్లో రోజూ ఇదే గొడవ. అసలు ధర ఎంత?
– ఓ పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: మీ తమ్ముడి బిల్లులు కూడితే 4,68,000, నాయన కొన్న 85 వేలు కలిపితే 5,53,000. ఈ అంకెను ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టేయండి, బేరంలో దీనికి పనిలేదు. అతను తన సరదాకు పెట్టుకున్న డబ్బు అది, కొనేవాడి సరదా వేరేగా ఉండొచ్చు. ఆన్‌లైన్లో కనిపించే 6 లక్షలు కూడా అంతే. అది అమ్మేవాడి ఆశ. ఆ ప్రకటన ఎన్ని నెలలుగా అక్కడే ఉందో చూడండి, సగం సంగతి తెలిసిపోతుంది. అడిగిన రేటు కాదు, చేతులు మారిన రేటు కావాలి మనకు. అది అనంతపురంలో, కర్నూలులో పాత టాటా బండ్లు చేసే షెడ్డు మేస్త్రీలకు తెలుస్తుంది. నలుగురినీ విడివిడిగా అడగండి, ఏ మార్పూ లేకుండా కాగితాలు సరిగ్గా ఉండి నడిచే టాటా మొబైల్ ఈ మధ్య ఎంతకు పోయిందని. అక్కడి నుంచి మొదలుపెట్టాలి, తమ్ముడి బిల్లుల నుంచి కాదు.

ఇక మీ బండిలో అసలు చిక్కు ఇంజన్. సాంకేతికంగా చూస్తే తమ్ముడు చేసింది పిచ్చి పని కాదు. టాటా మొబైల్ 1988లో వచ్చింది, అప్పటికి కంపెనీ పేరు టెల్కో. సియెర్రా, ఎస్టేట్, సుమో దాని మీద కట్టుకొచ్చినవే, అందుకే సుమో ఇంజన్ ఇందులో చుట్టంలా కూర్చుంటుంది. కానీ ఆర్సీలో ఏ ఇంజన్ నంబర్ ఉందండీ? మీరు రాయలేదు, అంటే మార్పించలేదనే అనుకుంటున్నాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పెట్టారు.

2027లో రెన్యువల్‌కు తీసుకెళ్తే ఇన్‌స్పెక్టర్ ఇంజన్ మీద నంబరూ, ఆర్సీలో నంబరూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. బెంగళూరు ఆయనకైతే ఇంకా ముందే ఈ పరీక్ష. మన దగ్గర ఎన్‌ఓసీ (బండి బయటి రాష్ట్రానికి వెళ్లడానికి అభ్యంతరం లేదనే కాగితం) తీసుకోవాలి, కర్ణాటకలో ట్యాక్స్ కట్టాలి, అక్కడ మళ్లీ బండి చూపించాలి. అతను 2,20,000 అన్నది మిమ్మల్ని ముంచడానికే అనుకోకండి, ఈ తలనొప్పి మొత్తానికీ రేటు కట్టే అని ఉంటాడు.

అందుకే చెబుతున్నా, కొట్టంలో ఉన్న పాత ఇంజన్‌ను పాత ఇనుముకు తూకం వేయకండి! మీ దగ్గరున్న అన్నిటికంటే విలువైన సామాను అదే, ఎందుకంటే దాని మీద ఉన్న నంబరే ఆర్సీలో ఉంది. బండితో పాటు అది కూడా ఇస్తానని చెప్పి చూడండి, కొనేవాడి మొహం మారుతుంది. లేదా ముందు ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లి కొత్త ఇంజన్‌కు అనుమతి వస్తుందేమో అడగండి. వచ్చి ఆర్సీలో నంబర్ ఎక్కితే ఆ 1,40,000లో సగం దాకా బేరంలో నిలబెట్టుకోవచ్చని నా అంచనా. ఎక్కకపోతే ధరలోంచి కోత పెట్టేది ఆ ఇంజనే.

చాసిస్ నంబర్ సంగతి కూడా చూడండి. ఇలాంటి బండ్లలో కుర్రాళ్లు ఫ్రేమ్ మీద నల్ల కోటింగ్ మందంగా కొట్టేస్తారు, నంబర్ దాని కింద కప్పుకుపోతుంది. కిరోసిన్ గుడ్డతో మెల్లగా తుడిచి, తెల్లకాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దండి. అంకెలన్నీ శుభ్రంగా పడితే ఆ కాగితం కొనేవాళ్లకు చూపించండి. స్క్రాపర్‌తో గీకొద్దు, ఒక్క అంకె చెరిగినా దిద్దిన బండి అంటారు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. గార్డుకు సున్నా, ఇంకా చెప్పాలంటే విప్పేసి చూపించండి, 2017 చివర్లోనే కేంద్రం వాటిని వద్దంది. సీట్లు, మ్యూజిక్‌కు పైసా రాదు. టైర్ల పక్కన చివర నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. టైరు కొత్తగా కనిపించినా ఆ అంకె పాతదైతే కొనేవాడు లెక్కలోకి తీసుకోడు. పవర్ స్టీరింగ్‌కు మాత్రం కొంత వస్తుంది, పాత టాటా స్టీరింగ్ తిప్పినవాడెవడూ దాన్ని కాదనడు. పెయింటు దగ్గర ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతం తలుపుల అడుగున పెట్టి చూడండి, అంటుకోకపోతే లోపల పుట్టీ. మన సీమలో ఉప్పుగాలి లేదు, తీరం బండ్లంత తుప్పు ఉండదు. అది మీకు లాభం. పెయింటు వేయకముందు ఫొటోలుంటే తమ్ముడి ఫోన్‌లోంచి తీసి దగ్గర పెట్టుకోండి.

5 లక్షలు రావు. పాత ఇంజనూ, తమ్ముడు విప్పేసిన పాత చక్రాలూ, పాత సీట్లూ ఉంటే అన్నీ కలిపి ఇస్తే 2,20,000 కంటే పైకి జరుగుతుంది. తొందర లేకపోతే అల్లాయ్ వీల్స్ విడిగా అమ్ముకోండి, బండి మీద కంటే వాటికి విడిగానే ఎక్కువ వస్తుంది.

ప్రశ్న: మా తాతగారి 1969 జీపు వెనక భాగం కోసి పికప్ చేయించారు. పాతకాలం బండ్లకిచ్చే వింటేజ్ నంబర్ వస్తే ధర పెరుగుతుందా?
– డోన్, కర్నూలు వైపు నుంచి

జవాబు: పెరుగుతుంది, కానీ ఆ నంబర్ మీకు రాదు. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటాలి, అది సరే. చాసిస్, బాడీ, ఇంజన్ మాత్రం మొదట ఉన్నట్టే ఉండాలి, మీదేమో కోశారు. కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు 20,000 కట్టాలి, పదేళ్లు చెల్లుతుంది, పైగా ఆ నంబర్ బండిని రోజూ తిప్పడానికి గానీ కిరాయికి గానీ వాడకూడదు. బండిని మళ్లీ మొదటి రూపానికి తేవాలనుకుంటే, కోసిన వెనక బాడీ రేకు ఎవరింటి దగ్గరైనా పడి ఉందేమో ముందు కనుక్కోండి.